క్లచ్చి వదలని బండి

అమావాస్యకు పదకొండు రోజులు

ఈ పుస్తకం బండిది, నాది కాదు. బండి కదిలినా రాయాలి, కదలకపోయినా రాయాలి. అది బండి బాగుచేసే మిస్త్రీ పని. నాకంటే ముందు రాసింది మా ఆయన. ఆయన అక్షరాలు ముత్యాలు. నావి కోడి గెలికినట్టుంటాయి, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

క్లచ్చి ప్లేటు అయిపోయింది. పోయిన నెల రేవు మకాం వెళ్ళి వస్తున్నప్పుడే కాలిన వాసన వచ్చింది. డ్రైవరు కాలేషా అప్పుడే చెప్పాడు, "అక్కా, ఇంకో తిరుగుడికి ఇది రాదు" అని. వింటానా? వచ్చినన్నాళ్ళు రానీ అన్నాను. ఇవాళ బండిని కాస్త ముందుకు జరపబోతే ఇంజను గొంతు చించుకుంది తప్ప చక్రం కదల్లేదు. గేర్‌బాక్స్ దించక తప్పదు.

దించడానికి మూడు రోజులు, మళ్ళీ ఎక్కించడానికి రెండు. మకాం మొత్తానికి ఉన్నది ఒక్క గొలుసు కప్పీ, దాని పళ్ళు సగం ఊడాయి. మిగతాది మనుషుల భుజాలే. కొత్త ప్లేటు మాత్రం ఉంది. మా ఆయన ఎప్పుడో సంపాదించి నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో దాచాడు. పోయినవాడు పోయినా పెట్టె నింపి పోయాడు.

రోజులు సరిపోతాయి. సరిపోయి తీరాలి. అమావాస్య నాడు పొద్దు కుంకేలోపు, రేవుకు పోయే సగం దారిలో రాయి దగ్గర, మా అమ్మాయి వెంగమ్మ నిలబడి ఉంటుంది.

అమావాస్యకు తొమ్మిది రోజులు

గేర్‌బాక్స్ బోల్టులు ఆరు వచ్చాయి, రెండు రానంటున్నాయి. కానుగ నూనె పోసి నానబెట్టి నీళ్ళకు వెళ్ళాను. కుళాయి దగ్గర ఎనిమిది బిందెల వెనక నిలబడ్డాను. ధార సన్నగా వస్తోంది. ఆ నీళ్ళు కొఠారు నుంచి వస్తాయి. సముద్రపు నీళ్ళు కాచి, ఉప్పు తీసి, గొట్టంలో మంచినీళ్ళు పంపేది కొఠారు. బదులుగా మేం ఇంటికొకరం మూడేళ్ళు అక్కడ వంతు చెయ్యాలి. మనిషిని పంపని ఇంటికి కుళాయి లేదు.

నేను పోతానన్నాను. మిస్త్రీని పంపేది లేదని పెద్దలు కట్టడి చేశారు. మిగిలింది పిల్ల. వెళ్ళిన రోజున దానికి పంతొమ్మిదేళ్ళు. రాయి దగ్గర బండి దిగి, చెప్పులు చేత పట్టుకుని, ఉప్పు బయలు మీద నడుచుకుంటూ పోయింది. రాయి నుంచి కొఠారు వరకు ఉప్పుపొర పలచన. మనిషిని మోస్తుంది, బండిని మొయ్యదు. అందుకే మనుషులు రాయి దాకా నడిచి వస్తారు, బండి రాయి దగ్గర ఆగి ఎక్కించుకుంటుంది.

వంతు తీరినవాళ్ళు అమావాస్య పొద్దు కుంకేలోపు బండెక్కితే మన మనుషులు. ఎక్కకపోతే కొఠారు మేస్త్రి వచ్చి వెనక్కి పిలుచుకుపోతాడు. మళ్ళీ మూడేళ్ళు. రాయి నుంచి ఇక్కడికి డెబ్భై కిలోమీటర్లు, చుక్క నీరు లేదు. నడిచి వచ్చిన మనిషిని నేనైతే చూడలేదు.

అమావాస్యకు ఆరు రోజులు

పాత ప్లేటు బయటికి తీశాం. తీస్తుంటేనే రెండు ముక్కలై కాళ్ళ దగ్గర పడింది. ఇన్నాళ్ళు ఇది ఎట్లా లాగిందిరా దేవుడా అనుకున్నాను.

ఇవాళ కొత్త ప్లేటు పెట్టాం. క్లచ్చి ప్లేటు మార్చడం నాకు ఇదే మొదలు. పోయినసారి మార్చింది మా ఆయన, పద్నాలుగేళ్ళ కిందట. నేను అప్పుడు బయట నిలబడి పానాలు అందించాను.

మకాం పెద్ద చెంచమ్మ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. డ్రైవరు లేకుండా తమంతట తాము నడిచే బళ్ళన్నీ ఒక్క వారంలో చచ్చిన కాలం ఆమెకు తెలుసు, అప్పటికి ఆమె పెద్దపిల్ల. ఆ బళ్ళలో ఇప్పుడు మేం కోళ్ళు పెంచుతున్నాం. లోపల బుర్ర లేదు కాబట్టి ఈ ముసలి లారీ ఒక్కటే బతికింది. అప్పటినుంచి ఏ కొత్త సామాను బిగించినా పసుపు రాసి బొట్టు పెట్టడం, ఆ బొట్టు డ్రైవరు వైపు చూసేలా బిగించడం మా ఆచారం. సామాను డ్రైవరుకు వీపు చూపిస్తే దారిలో వదిలేస్తుందంటారు.

నేను ఎప్పుడూ నవ్వేదాన్ని. ఈసారి నవ్వలేదు. గిన్నె నేనే తీసుకున్నాను.

"ఏమ్మే అంకమ్మా, నీకూ భక్తి వచ్చిందే?" అంది చెంచమ్మ.

"నా బిడ్డ కోసం వచ్చిందిలే పెద్దమ్మా. నీ దేవుడు కాకపోతే నా దేవుడు, ఎవరో ఒకరు చూసుకోవాలిగా."

ప్లేటుకు ఒకవైపు స్ప్రింగులు పొడుచుకొచ్చాయి, అక్కడ బొట్టు నిలవదు. రెండో వైపు నున్నగా ఉంది. ఆ వైపు దండిగా పసుపు మెత్తి, నడిమధ్య రూపాయంత బొట్టు పెట్టాను. బొట్టు డ్రైవరు వైపుకి తిప్పి ప్లేటు కూర్చోబెట్టి, ప్రెషర్ ప్లేటు బిగించాను. బోల్టులు ఒక్కటి కూడా మొండికెయ్యలేదు. ఇంత సాఫీగా ఏ పనీ జరగలేదు నా చేతిలో.

అమావాస్యకు నాలుగు రోజులు

ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనలేదు.

గేర్‌బాక్స్ ఎక్కింది. పద్దెనిమిది మంది పట్టారు, ఒకాయన వేలు నలిగింది. బిగించి, పెడల్ రాడ్డు తగిలించి, కాలేషాను సీట్లో కూర్చోబెట్టాను. గేరులో వేసి క్లచ్చి తొక్కి పట్టుకుంటే బండి ఉత్త ఎద్దుబండి లాగా తోస్తే పోవాలి. ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోవాలి. క్లచ్చి చేసే పనంతా అదే.

తొక్కాడు. తోశాం. కదల్లేదు. ఇంకా మనుషుల్ని పిలిచి తోస్తే కదిలింది, కానీ ముందు ఫ్యాను రెక్కలు కూడా గిర్రున తిరిగాయి.

"తొక్కావా?" అని అరిచాను.

"తొక్కే ఉండానక్కా! నేల తగిలిందాకా తొక్కినా."

"గట్టిగా తొక్కు."

"ఇంకా గట్టిగా అంటే నా కాలు కింద మట్టిలో తేలిద్ది."

నవ్వారు జనం. నాకు నవ్వు రాలేదు. రాడ్డు నట్టు తిప్పాలి, అంతే అయి ఉంటుంది. కొత్త ప్లేటు మందంగా ఉంటుంది కదా.

అమావాస్యకు మూడు రోజులు

రాడ్డు నట్టు కాదు. మర ఉన్నంత వరకు తిప్పాను, ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. పెడల్ పైపైన ఆడకుండా వెంటనే పట్టుకుంటోంది. అయినా ప్లేటు వదలడం లేదు.

రిలీజ్ బేరింగ్ చూశాను. బాగానే ఉంది, లోపలి ఫోర్కు దాన్ని నెడుతోంది, ప్రెషర్ ప్లేటు వేళ్ళు లోపలికి పోతున్నాయి. అంటే ఇవతల అన్నీ పని చేస్తున్నాయి. అవతల ప్లేటు మాత్రం ఇంజను చక్రాన్ని కరిచి పట్టుకుని ఉంది.

ఒక్కోసారి కొత్త ప్లేటు తేమకు అంటుకుపోతుందని మా ఆయన అనేవాడు. దానికి మందు దెబ్బే. బండిని వాలు దిబ్బ మీంచి వదిలితే రెండో గేరులో పోతూ పోతూ ఇంజను అందుకుంది. మా బండికి ప్రాణం అట్లాగే వస్తుంది, బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి. కాలేషా క్లచ్చి తొక్కి పట్టుకుని బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ కుదుపుకి ప్లేటు ఊడాలి. ఊడలేదు. ఇంజను ఆగిపోయింది.

మళ్ళీ దిబ్బ మీదకి లాగాలి. నాలుగు జతల ఎద్దులు, నలభైమంది మనుషులు, పూటంతా. ఇంకోసారి వదిలాం, ఇంకోసారి ఆగింది. మూడోసారి లాగమంటే తాడు కింద పడేసి ఒక్కొక్కరే నీడకు పోయారు.  వాళ్ళ అరచేతులు తాడుకు కోసుకుపోయి ఉన్నాయి.

కాలేషా ఒక్కడే నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, అన్న ఉండుంటే ఏం చేసేవాడు?"

"ముందు నిన్ను తిట్టేవాడు."

"ఆ తర్వాత?"

లేచి, వాళ్ళు పడేసిన తాడు చుట్టసాగాను. 

అమావాస్యకు రెండు రోజులు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా బండి పుస్తకం కాబట్టి రాస్తున్నాను.

క్లచ్చి డొప్పకు పక్కన చెయ్యి పట్టేంత కంత ఉంది. మూత విప్పి, చెంచమ్మ ముఖం చూసుకునే అద్దం ముక్కను పుల్లకు కట్టి లోపలికి పెట్టాను. కాలేషా రెండో అద్దంతో ఎండను లోపలికి కొట్టాడు. ప్రెషర్ ప్లేటు వేళ్ళ సందులోంచి ప్లేటు నడిభాగం కనపడింది. పచ్చగా, మధ్యలో ఎర్రగా. నా బొట్టు నన్నే చూస్తోంది.

అంటే స్ప్రింగులున్న ముఖం ఇంజను వైపు ఉంది. పొడుచుకొచ్చిన స్ప్రింగుల గుబ్బ పోయి ఇంజను చక్రం బోల్టుల మీద కూర్చుంది. ఎంత తొక్కినా, ఎవరు తొక్కినా అది వదలదు. ప్లేటు తిరగేసి పెట్టాను. నేనే. ఈ చేతులతోనే.

పసుపు పూసేటప్పుడు నున్న వైపు అంచున ఏవో అక్షరాలు వేలికి తగిలాయి. అచ్చు వేసిన ఇంగ్లీషు అక్షరాలు. ఏ వైపు ఎటు ఉండాలో ఆ ప్లేటు చేసిన పుణ్యాత్ముడు రాసి పెట్టాడు. నేను దాని మీద పసుపు మెత్తాను. రేడియేటరుకు బొట్టు ఎక్కడ పెట్టినా రేడియేటరే. ఇన్నేళ్ళూ నేను బిగించినవన్నీ అట్లాంటివే. ముందూ వెనకా ఉన్న సామాను నా చేతికొచ్చింది ఇదే మొదటిసారి, అది నా బిడ్డ కోసం రావాలా?

చెంచమ్మ అద్దంలో చూసింది. 

"నేనే చెప్పానుగదమ్మా, డ్రైవరు వైపు తిప్పమని," అంది.  ఆమెను ఓదార్చే ఓపిక నాకు లేదు, తిట్టే ఓపికా లేదు.

మళ్ళీ దించి తిప్పాలంటే ఐదు రోజులు. ఉన్నవి రెండు. కొఠారుకు కబురు పంపే దారి లేదు.

అమావాస్యకు ఒక రోజు

రేవు మకాంలో గింజలు అయిపోయాయి, బండి పోక తప్పదని చెంచమ్మ తేల్చేసింది. జొన్నలు నలభై బస్తాలు, మనుషులు పదకొండుమంది, అందులో ఇద్దరు చంటిపిల్లల తల్లులు. క్లచ్చి లేకుండానే పోవాలి. రేవులో కూడా దిబ్బ ఉంది, పెద్ద కప్పీ ఉంది, అక్కడ విప్పుకోవచ్చు.

కాలేషా నేల మీద పుల్లతో గీసి చూపించాడు. "రెండో గేరులో పెట్టి దిబ్బ దిగుతా. ఇంజను మోత వింటా మూడుకు మారుస్తా, దానికి క్లచ్చి అక్కర్లా. రాయి దగ్గర మళ్ళీ రెండుకు దించుతా. ఆపడం మాత్రం కుదరదక్కా. తిప్పుకు రావడానికీ లేదు, దారి పక్కన పొర బండిని మొయ్యదు."

"న్యూట్రల్ చేసి ఆపు. పిల్ల ఎక్కాక..."

"ఎక్కాక? ఇంజను తిరగతా ఉంటే నిలబడ్డ బండికి గేరు పడిద్దా? నువ్వే చెప్పు, మిస్త్రీవి నువ్వా నేనా? అక్కడ దిబ్బ లేదు. తోద్దామంటే ఉప్పులో కాలు ఆనదు. గంట నిలబడితే చక్రాలు దిగబడతయ్. పదకొండుమందిమి, రెండు పీపాల నీళ్ళు."

నాకు తెలుసు. తెలిసే అడిగాను.

పొద్దున ఒకసారి వదిలి చూశాం. మూడు నుంచి రెండుకు దించడం మూడుసార్లు ప్రయత్నించాడు, ఒకసారి పడింది. ఆ ఒక్కసారీ బండి మనిషి పరుగెత్తేంత వేగంలో పోయింది. వెంగమ్మ పరుగెత్తగలదు. చిన్నప్పుడు తప్పించుకున్న కోడిని ఊరు దాటించి పట్టుకొచ్చేది. వెనక తలుపుకు తాడు నిచ్చెన కట్టాను. లాగడానికి దుక్కల్లాంటి ఇద్దరిని వెనక కూర్చోబెడుతున్నాను. నేను నిచ్చెన మీద ఉంటాను. ఒట్టి చేతులతో పరుగెత్తి వచ్చే మనిషి నిచ్చెన పట్టుకోగలదు. పట్టుకుంటుంది.

బండి ఆపమని అడగనని కాలేషా నాతో ఒట్టు వేయించుకున్నాడు. వేశాను.

అమావాస్య, మిట్టమధ్యాహ్నం

తెల్లారి బయల్దేరాల్సింది. దిబ్బ మీదకి లాగేసరికి ఇప్పటికైంది. మూడో గేరులో పోతేనే పొద్దు కుంకేలోపు రాయి చేరతాం. చక్రాల కింద రాళ్ళు తీస్తున్నారు. ఇక రాయను.

అమావాస్య మర్నాడు, రేవు మకాం

బండి రేవు చేరింది. జొన్నలు చేరాయి. మనుషులు చేరారు.

దిబ్బ దిగేటప్పుడే ఇంజను అందుకుంది. మూడో గేరు మొదటి దెబ్బకే పడింది, కాలేషా చెయ్యి బంగారం. నాలుగు గంటలు తెల్లటి ఉప్పు మీద పోయాం. కళ్ళు కాలిపోయాయి. బండిలో ఒక చంటిది ఏడుస్తూనే ఉంది.

రాయి కనపడింది. రాయి పక్కన ఎర్రగుడ్డ ఊపుతూ మనిషి కనపడింది. నా బిడ్డే. ఆ నిలబడటం మా ఆయనది.

కాలేషా గేరు తీశాడు. ఇంజను మోత దిగింది, పళ్ళు గరగరలాడాయి, పడలేదు. బండి ఊరికే దొర్లుతోంది. మళ్ళీ గరగర.  మూడోసారికి రెండు పడింది. బండి తల ఊపి నెమ్మదించింది. అప్పుడు దేవుళ్ళందరికీ దండం పెట్టాను, పసుపు దేవుడితో సహా.

"పరుగెత్తే! వెంగమ్మా, పరుగెత్తు!" అని అరిచాను. నాతోపాటు అందరూ అరిచారు.

అది నవ్వుతూ నిలబడింది. ఎన్నేళ్ళుగానో ఆ రాయి దగ్గర బండి ఆగుతుంది. ఆగని బండిని అది ఎప్పుడు చూసింది? మేం అరుస్తుంటే సంబరానికి అరుస్తున్నాం అనుకుంది. గుడ్డ ఊపింది. బండి దాని ముందు నుంచే పోయింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి పోయింది. అప్పుడు దాని ముఖం మారింది.

వంగి రాయి చాటు నుంచి ఏదో ఎత్తుకుని పరుగు మొదలుపెట్టింది. మూట అనుకున్నాను. "మూట పారెయ్యవే!" అని గొంతు పోయేలా అరిచాను. అది పారెయ్యలేదు. దగ్గరికి వచ్చాక మూటకు కాళ్ళు కనపడ్డాయి.

రెండేళ్ళు ఉంటాయేమో బిడ్డకు. నాకెవరు చెప్పారు? మూడేళ్ళుగా అటు నుంచి ఒక్క కబురు రాలేదు. తండ్రెవరో, ఉన్నాడో లేడో.

బిడ్డను చంకనేసుకుని ఉప్పులో పరుగెత్తడం నిచ్చెన పట్టుకునే పరుగు కాదు. ఒకసారి నిచ్చెనను వేళ్ళతో తాకింది, జారింది. నా ఒట్టు గాలికి పోయింది. "ఆపరా కాలేషా! నీ కాళ్ళు పట్టుకుంటా, ఆపరా!" అన్నాను. బండి ఆగలేదు. అయితే నేనే దూకుతాననుకున్నాను. ఒక చెయ్యి వదిలాను కూడా. దూకితే దూకుతాను, నా బిడ్డతోపాటు నేనూ కొఠారుకు పోతాను, మిస్త్రీ లేకపోతే ఈ బండి ఏ గంగలో కలిస్తే నాకేం?

అది నా వదిలిన చెయ్యి చూసింది. ఇంకా నాలుగు అడుగులు ఎట్లా పరుగెత్తిందో తెలీదు, బిడ్డను రెండు చేతులా పైకెత్తి నా చేతిలో పెట్టింది. నేను పట్టుకున్నాను. పట్టుకోక ఏం చేస్తాను? వెనక ఇద్దరూ నన్ను, బిడ్డను కలిపి లోపలికి లాగారు.

ఎక్కి వస్తుందనుకున్నాను. చేతులు ఖాళీ అయ్యాయి కదా, ఇప్పుడు నిచ్చెన అందుకుంటుంది అనుకున్నాను. పది అడుగులు వచ్చింది. మోకాళ్ళ మీద పడింది. లేచింది. మళ్ళీ పరుగెత్తింది. ఒక మనిషి దూరం రెండు మనుషుల దూరమైంది, ఆ తర్వాత నేను కొలవలేదు. ఏదో అరిచింది, ఇంజను మోతలో వినపడలేదు. దాని వెనక దూరంగా ఉప్పు మీద కొఠారు మేస్త్రి గొడుగు వస్తూ కనపడింది.

రేవు ముందు దారి గట్టిపడగానే కాలేషా గేరు తీసి, బ్రేకు తొక్కి ఆపాడు. అందరూ దిగారు, అతను దిగలేదు. వెళ్ళి చూస్తే ఎడమ కాలు క్లచ్చి మీద బిగుసుకుపోయి ఉంది, పిక్క రాయిలా ఉంది.

"రాయి కాడ నుంచి తొక్కే ఉండానక్కా," అన్నాడు. "వదిలిద్దేమో అని."

ఆ కాలు నేనే పట్టుకుని పెడల్ మీంచి తీశాను. 

గేర్‌బాక్స్ దించడం రేపు మొదలుపెడతాను. ఇక్కడ కప్పీ మంచిది, మూడు రోజుల్లో ప్లేటు తిప్పేస్తాను. అప్పుడు బండి ఎక్కడంటే అక్కడ ఆగుతుంది. కొఠారు మాత్రం అమావాస్య దాటాక ఎవర్నీ వదలదు. మూడేళ్ళు.

ఆడపిల్ల. ఏడవలేదు. నీళ్ళిస్తే తాగింది, జొన్న సంకటి రెండు ముద్దలు తింది. ఇప్పుడు నా పక్కన కూర్చుని, నేను రాస్తుంటే వచ్చిన దారికేసి చూస్తోంది. పేరు అడిగితే చెప్పడం లేదు. నేను అమ్మమ్మను అంటే నమ్మినట్టు లేదు. ఇందాక మాత్రం నా చీర కొంగు లాగి, ఎవరో నేర్పించిన మాటను అప్పచెప్పినట్టు చెప్పింది.

"బండి ఆగిద్ది. అమ్మ చెప్పింది."

ఆగిద్దమ్మా అన్నాను.